పస్తుల డాక్టరమ్మ

మా వదిన పశువుల డాక్టరు. ఆమె ఇల్లు ఎక్కడని పాల సెంటరు దగ్గర అడిగి చూడండి. "ఎవరు, పస్తుల డాక్టరమ్మా? ఆ మలుపు తిరిగితే నీలం గేటు" అని క్యాన్లు కడిగే మనిషి కూడా తడి చేత్తో దారి చూపిస్తాడు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ మా అమ్మ మీదే నాకు అనుమానం. వదిన ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. ఆమెకి తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటంలో మా వదినని మించినవాళ్లు లేరు.

పశువుకి మత్తు ఇచ్చి పడుకోబెట్టాల్సిన పని ఏది పడ్డా సరే, ముందు దాన్ని పస్తు పెట్టిస్తుంది. అందుకే ఆ పేరు. ముందు రోజు పొద్దున నుంచి మేత ఆపాలి, రాత్రి నుంచి నీళ్లూ ఆపాలి. ఆ మాట వినగానే ఇంటివాళ్లు లబోదిబోమంటారు. "అసలే నొప్పితో ఉంది, ఆకలితో కూడా చంపుతారా అమ్మా" అంటారు. వదిన ముఖంలో ఏ మార్పూ ఉండదు. "ఆకలితో చావదు. కడుపు నిండా తిని పడుకుంటేనే చస్తుంది" అని సంచీ భుజాన వేసుకుంటుంది. బతిమాలి, బుజ్జగించి చెప్పడం ఆమెకి చేతకాదు. చెప్పాల్సింది ఒకసారి చెప్తుంది, అంతే.

నేను బట్టలు కుడతాను. నాకు ఆవుల సంగతి ఏం తెలుస్తుంది? ఒకసారి ఆమె కోటు చిరిగితే కుట్టించుకోవడానికి వచ్చి, నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని విడమరిచి చెప్పింది. ఆవు కడుపు మన కడుపులాంటిది కాదట. ఎడమ పక్కన పెద్ద తొట్టి ఉన్నట్టే ఉంటుందట. అందులో మేత నానుతూ, పులుస్తూ ఉంటుంది, గాలి పుడుతూనే ఉంటుంది. నిలబడి ఉన్నంతసేపూ ఆ గాలిని తేన్పులుగా వదిలేస్తుంది. మత్తులో పక్కకి పడుకుంటే తేన్పు రాదు. కడుపు ఉబ్బిపోయి ఊపిరి తీసుకోనివ్వదు. ఇదొక ప్రమాదం. రెండోది ఇంకా చెడ్డది. తొట్టి నిండుగా ఉంటే లోపలి మేత గొంతులోకి ఎగదన్నుకొస్తుంది. మెలకువగా ఉన్న ఆవు దాన్ని నెమరేసి మింగుతుంది. మత్తులో ఉన్న ఆవుకి మింగడం చేతకాదు, అదంతా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది.

"పోతే ఏమవుతుంది వదినా?" అన్నాను.

"ఆ క్షణంలో ఏమీ కాకపోవచ్చు. లేచి నడుస్తుంది కూడా. అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత జ్వరం, దగ్గు. లోపల అంతా కుళ్లిపోతుంది," అంది. చెప్పి, "ఆ గుండీ కాస్త గట్టిగా కుట్టు, మొన్న ఒక దూడ నమిలేసింది" అంది.

ఆమె పుట్టింట్లో పశువులు లేవు. వాళ్ల నాన్న లారీలు బాగుచేసేవాడు. మనుషుల డాక్టరు సీటు రాలేదా అని అడిగినవాళ్లకి, "వచ్చింది, మనుషులు నచ్చలేదు" అని జవాబు చెప్తుంది. సీటు రాలేదని మా అన్నయ్య చెప్పాడు. అన్నయ్య బస్సు డ్రైవరు. రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు. అలాంటివాడికి ఇలాంటి భార్య దొరికిందని మేం చాలా రోజులు నవ్వుకున్నాం.

పనిలో ఆమెకి చాదస్తం ఎక్కువ. మత్తుమందు సీసా చేతిలోకి తీసుకుంటే, దాని మీద ఉన్నది ఒకసారి కళ్లతో చదువుతుంది, ఇంకోసారి పైకి చదువుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు బడిపిల్ల పాఠం చదువుతున్నట్టుందని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అదే మందు గుర్రాల కోసం బాగా చిక్కగా వేరే సీసాలో వస్తుంది. గుర్రానికి సరిపోయే మోతాదులో పదో వంతు చాలు ఆవుకి. అంత పెద్ద ఒళ్లున్నా ఈ మందుకి మాత్రం ఆవు చాలా సున్నితం. చూడక ఒకదానికి బదులు ఇంకోటి ఎక్కిస్తే ఆవు పడుకున్నచోటే ఉండిపోతుంది. అందుకని గుర్రాల సీసాని ఆమె తన పెట్టెలోకే రానివ్వదు. చూడి ఆవైతే ఎన్నో నెలో అడుగుతుంది. నెలలు నిండుతుంటే ఆ మందు ముట్టుకోదు, కడుపు పోయే ప్రమాదం ఉందట. సూది మెడలో వేయదు, తోక మొదట్లో వేస్తుంది. మెడలో పొరపాటున లోపలి పెద్ద రక్తనాళంలోకి దిగితే, ఆవు అక్కడికక్కడే గిలగిల కొట్టుకుని పడిపోతుందట. వాళ్ల కాంపౌండరుకి సూది మూతని పళ్లతో లాగే అలవాటుండేది. ఒకరోజు అలా లాగుతుండగా చూసి అతని మీద ఒంటికాలి మీద లేచింది. ఆ సూది మొన మనిషికి గుచ్చుకుంటే ఆవుతో పాటు అతన్నీ మోసుకెళ్లాల్సి వస్తుందని కేకలేసింది. ఆయన ఆమె కన్నా వయసులో పెద్దవాడు, ముఖం మాడ్చుకున్నాడు. కానీ ఆ అలవాటు మానేశాడు.

ఇక మా అమ్మ.

మా అమ్మ ఎదుట ఎవరూ ఆకలితో ఉండటానికి వీల్లేదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి తినిపించందే పంపదు. పక్కింటివాళ్ల పిల్లి మా ఇంట్లో తిని తిని గోడ ఎక్కలేక మా ఇంట్లోనే ఉండిపోయింది. అలాంటి మనిషి ఇంటికి పస్తులు పెట్టే కోడలు వచ్చింది. దేవుడికి వేళాకోళం కాకపోతే ఏమిటి! అయినా ఇద్దరూ కొట్టుకున్నది లేదు. ఎవరి దారి వాళ్లది. వదిన పని ముగించుకుని రాగానే అమ్మ "తిన్నావా?" అంటుంది. తినకపోయినా "తిన్నానత్తయ్యా" అంటుంది వదిన, మళ్లీ వడ్డన మొదలవుతుందని. వదిన "మాత్రలు వేసుకున్నారా అత్తయ్యా?" అంటుంది. వేసుకోకపోయినా "వేసుకున్నానమ్మా" అంటుంది అమ్మ. ఆ మాత్రలు పూలకుండీలో దొరుకుతుంటాయి. ఇద్దరూ ఒకరికొకరు ఇలా అబద్ధాలు చెప్పుకుంటూ హాయిగానే కాపురం చేస్తున్నారు.

అమ్మకి ఒక ఆవు ఉండేది. ఎర్రది, పొగరుబోతుది. మా నాన్న పోయాక కొన్నది. వంటింటి వెనక రేకుల పాకలో కట్టేవాళ్లం. పాలు సెంటరుకి తనే మోసుకెళ్లేది. అక్కడ నలుగురితో మాట్లాడి, కొలత తక్కువ చూపించాడని పాలాయనతో పోట్లాడి, తేలికపడ్డ మనసుతో తిరిగొచ్చేది. ఇంట్లో కన్నా ఆ ఆవుతోనే ఎక్కువ మాట్లాడేది. మా గురించి చాడీలు కూడా దానికే చెప్పేది.

ఆ ఆవుకి వెనక కాలి గిట్టలో రేకు ముక్క గుచ్చుకుంది. వదిన కడిగి, కట్టు కట్టి, ఇంజెక్షన్లు చేసింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ చీము పట్టింది. లోపల ఎముక కుళ్లిపోయిందని చెప్పింది వదిన. కాలికి ఉన్న రెండు గిట్టల్లో ఆ ఒక్కటీ తీసేస్తే, రెండో దాని మీద నడుస్తుంది, పాలిస్తుంది. తీయకపోతే చీము పైకి పాకి ఆవే దక్కదు. కాలి దగ్గర చెయ్యి పెడితే తంతోంది గనక మత్తు ఇచ్చి పడుకోబెట్టక తప్పదు.

అమ్మ ముఖం ముడుచుకుని కొన్నాళ్లు గడిపింది. ఆవు మూడు కాళ్ల మీద కుంటుతుంటే చూడలేక చివరికి సరేనంది. వదిన అందరికీ చెప్పినట్టే అత్తగారికీ చెప్పింది. రేపు పొద్దున నుంచి మేత వద్దు, రాత్రి నుంచి నీళ్లూ వద్దు. తనే మేత తొట్టి కడిగి బోర్లించింది. మర్నాడు తనకి టీకాల పని ఉండటంతో తెల్లారగానే వెళ్లిపోయింది. ఇంట్లో అమ్మ, ఆవు మిగిలారు.

సాయంత్రం నేను వెళ్లేసరికి ఆవు ఆగకుండా అరుస్తోంది. అమ్మ వంటింట్లో పీట మీద గోడకేసి తిరిగి కూర్చుని ఉంది.

"దాని అరుపు వింటుంటే కడుపు తరుక్కుపోతోందే. నేనేం పాపం చేశానని అడుగుతున్నట్టుంది," అంది.

"ఒక్క రోజేగా అమ్మా. ఓర్చుకో," అన్నాను.

"ఓర్చుకునేది నువ్వా నేనా? అది!" అని నా మీద విరుచుకుపడింది. నేను పక్క వీధిలోని మా ఇంటికి వచ్చేశాను.

పొద్దున్నే పెరట్లో జనం. కాంపౌండరు, పాల సెంటరు వాళ్లు కొందరు, ఎదురింటి గొంతు మామయ్య. ఆయన గుసగుసలాడినా వీధి చివరికి వినబడుతుంది, అందుకని ఆ పేరు. ఆయనకి రెండు ఆవులున్నాయి. వదిన అందరినీ మాట్లాడొద్దంది. ఆవు బెదిరి ఉంటే మత్తు సరిగ్గా ఎక్కదు, ఎక్కలేదని మళ్లీ ఇస్తే తర్వాత రెండూ కలిసి ముంచుతాయి. గొంతు మామయ్య నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అన్నయ్య తలుపు వెనక నిలబడ్డాడు.

వదిన అడిగింది. "అత్తయ్యా, దీనికి ఏమైనా పెట్టారా?"

"ఏం పెట్టలేదమ్మా. నువ్వు వద్దన్నావుగా."

వదిన ఆవు ఎడమ డొక్క మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడ కాసేపు ఉంది. మందు లెక్క వేసుకుంటోందనుకున్నాను. తర్వాత సీసా తీసి, దాని మీద ఉన్నది చదివి, మందు పీల్చి, తోక పైకెత్తింది.

ఆవు తల వాల్చింది. మూతి నుంచి చొంగ సాగింది. ముందు కాళ్లు మడిచింది, నెమ్మదిగా వెనక కాళ్లూ మడిచింది. తాళ్లతో పక్కకి ఒరిగించారు. మెడ కింద గడ్డి కుక్కిన బస్తా పెట్టారు, మూతి గొంతు కన్నా కిందికి ఉండేలా. చొంగ బయటికి కారిపోవాలి, లోపలికి పోకూడదు. తల పట్టుకోవడం కాంపౌండరు పని. వదిన కాలికి మొద్దుబారే మందు వేరే ఇచ్చింది. మత్తుకి నిద్ర వస్తుంది గానీ నొప్పి పూర్తిగా పోదట. సన్నటి ఉక్కు తీగతో గిట్ట కోయడం మొదలుపెట్టింది. తీగ చప్పుడు తప్ప పెరట్లో ఇంకేమీ వినబడలేదు.

సగం పని అయిందో లేదో, ఆవు మెడ బిగుసుకుంది. నోట్లోంచి, ముక్కులోంచి పచ్చటి నీళ్లు ఎగజిమ్మాయి.

"తల కిందికి! ఇంకా కిందికి!" అని అరుస్తూ వదిన తీగ వదిలేసి పరుగెత్తింది. ఇద్దరు ముగ్గురు పట్టి తలని పల్లానికి లాగారు. వదిన మోచేతి దాకా చెయ్యి ఆవు నోట్లో పెట్టి ఉండలు ఉండలుగా మేత బయటికి తీసింది. మత్తు విరిచే మందు ఇచ్చింది. ఆవుని దొర్లించి రొమ్ము మీద కూర్చోబెట్టారు. దగ్గింది. పొట్ట కదిలి పెద్ద తేన్పు వచ్చింది. అప్పుడు మిగతా కోత ముగించి కట్టు కట్టింది. 

నేల మీద పడ్డ మేతలో ఆకులున్నాయి. వంటింటి గోడ పక్కన ఒక చెట్టు ఉంది, దాని ఆకులే. సరిగ్గా నలగను కూడా లేదు. వదిన ఆ ఆకుల్ని చూసింది. అత్తగారిని చూసింది. అమ్మ గోడని చూసింది. 

కాసేపటికి ఆవు తూలుతూ లేచి నిలబడింది. జనం మెచ్చుకున్నారు. అమ్మ కూడా ఊపిరి పీల్చుకుని, దాని మెడ నిమురుతూ "ఏం కాలేదే తల్లీ, ఏం కాలేదు" అంది. వదిన మాత్రం చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది. ఎంతసేపు కడుక్కుందో!

కొద్ది రోజులకే జ్వరం వచ్చింది. ఊపిరి తీస్తుంటే గరగర. ముక్కు దగ్గరికి వెళితే కుళ్లు కంపు. వదిన చేతిలో ఉన్న మందులన్నీ వాడింది. పనికి వెళ్లే ముందు ఒకటి, రాగానే ఒకటి. కాలి గాయం చక్కగా మానుతోంది. ఆవు మాత్రం పాకలో నిలబడి మెడ చాచి గాలి కోసం అవస్థ పడింది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ కాళ్ల దగ్గరే పడి చచ్చిపోయింది.

నాలుక ఉన్న ప్రతివాడూ దానికి చిలవలు పలవలు అల్లాడు. మందు ఎక్కువైందన్నారు. గుర్రాల మందు ఇచ్చిందన్నారు. అత్త మీద కోపం ఆవు మీద తీర్చుకుందని కూడా ఒకామె నా షాపులోనే అంది. ఆమె రవిక కుట్టకుండా తిప్పి పంపేశాను. వదిన మాత్రం ఎవరు అడిగినా "ఒక్కోసారి ఇలా జరుగుతుంది" అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. ఏం జరిగిందో తెలిసిన నాకు ఒళ్లు మండిపోయింది. చెబుదామని నోరు తెరిస్తే "నీకెందుకు, ఊరుకో" అని కసిరింది. ఊరుకోమంటే ఊరుకునే రకాన్ని కాదు నేను. కానీ అమ్మ ముఖం చూసి ఊరుకున్నాను. ఆవు పోయాక ఆమె మాటే తగ్గిపోయింది. వడ్డిస్తున్నప్పుడు కూడా ఇంకొంచెం వేసుకోమని అనడం మానేసింది.

వదిన టీకాలు వేసేది, ఈనలేని ఆవులకి సాయం చేసేది. మత్తు ఇచ్చే పని మాత్రం వదిలేసింది. ఎవరైనా అడిగితే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనేది. నడవలేని పశువుని లారీ ఎక్కించి అంత దూరం ఎవరు తీసుకెళ్తారు? ఎవరూ వెళ్లలేదు. కోతల మనిషి ఒకడున్నాడు. మత్తూ లేదు, మొద్దుబారే మందూ లేదు, నలుగురిని పిలిచి పశువుని కట్టి పడేసి కోసేస్తాడు. వాడిని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు మూడు వీధుల అవతలి నుంచి ఒక ఆవు అరుపు అమ్మ వాళ్లింటి దాకా వినబడింది. వదిన తింటున్న పళ్లెం వదిలేసి లేచి వెళ్లిపోయింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఆమె ఈ పనే మానేస్తుందని నాకు భయం పట్టుకుంది. ఎక్కడో ఆఫీసులో కుర్చీ పని చూసుకుంటానని అన్నయ్యతో అందట కూడా.

అంతలో గొంతు మామయ్య ఆవుకి కొమ్ము మొదట్లో పుండు పడి పెరిగింది. కొమ్ము మొత్తం తీసేయాలి. పాల సెంటరు దగ్గర ఆయన ఆ సంగతే చెప్తున్నాడు. నేనూ అమ్మా పాలు కొనుక్కోవడానికి వెళ్లాం. పాలు పోయడానికి వెళ్లే చోటికి గిన్నె పట్టుకుని కొనడానికి వెళ్లడం అమ్మకి ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు.

"కోతల మనిషినే పిలుస్తున్నా," అంటున్నాడు గొంతు మామయ్య, వీధంతా వినబడేలా. "వాడి చేతిలో అరిస్తే అరుస్తుంది, బతుకుతుంది. మన డాక్టరమ్మ సొంత అత్తగారి ఆవునే బతికించలేకపోయింది. మనల్నేం ఉద్ధరిస్తుంది?"

అమ్మ గిన్నె కింద పెట్టింది.

"ఒరేయ్, నోరు ముయ్యి," అంది. "మా ఆవుని చంపింది నా కోడలు కాదు. నేను."

పాలు కొలుస్తున్నాయన చెయ్యి ఆగిపోయింది.

"పెట్టొద్దంటే పెట్టాను. చీకటి పడ్డాక చెట్టెక్కినంత పని చేసి ఆకులు కోసి బుట్టెడు పెట్టాను. పొద్దున అది నా ముఖం మీద అడిగితే పెట్టలేదన్నాను. ఆ ఆకులే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చింది నా ఆవు. ఇన్నాళ్లూ మీరందరూ దాన్ని ఆడిపోసుకుంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను."

గొంతు మామయ్య గొంతు మొదటిసారి తగ్గింది. "అదేంటక్కా, డాక్టరు అడిగితే అబద్ధం చెప్తావా?"

"డాక్టరు అడిగిందనుకుంటే చెప్పేదాన్నిరా. కోడలు అడుగుతోందనుకున్నా. కోడలికి నిజం ఎవరు చెప్తారు?"

ఒకరిద్దరు నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఏడ్చింది. పాలు పోయించుకోకుండానే గిన్నె తీసుకుని నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను.

ఇంటికి వచ్చేసరికి వదిన మెట్ల మీద కూర్చుని బూట్లకి అంటిన మట్టి గీకుతోంది. అమ్మ ఆమె ఎదురుగా నిలబడి, సెంటరు దగ్గర అన్నదంతా మళ్లీ చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. వదిన తలెత్తకుండా విన్నది.

"నాకు ఆ రోజే తెలుసు అత్తయ్యా," అంది.

"ఆకులు చూశావు. నువ్వు చూడటం నేను చూశాను."

"ఆకులు తర్వాత. సూది వేయక ముందే తెలుసు. డొక్క మీద చెయ్యి పెట్టగానే తెలిసింది. ఖాళీగా ఉంటే గుంట పడుతుంది. నిండుగా ఉంది."

నేను నిర్ఘాంతపోయాను. "తెలిసి మరి ఎందుకు వేశావు వదినా?" అని అరిచాను.

వదిన బూటు పక్కన పెట్టింది. "ఇంకెవరింట్లో అయినా సూది పెట్టెలో పెట్టేసి వచ్చేసేదాన్ని. ఇక్కడ పదిమంది ఉన్నారు. అత్తయ్య పెట్టలేదన్నారు. పెట్టారు, అబద్ధం చెప్తున్నారు అని అత్తగారిని అందరి ముందూ ఎలా అనను? కొంచెమే తిని ఉంటుందిలే, తల పల్లంగా పెడితే గట్టెక్కుతుందిలే అని నాకు నేను చెప్పుకున్నా." బూటు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మీరు కోడలికి జవాబు చెప్పారు అత్తయ్యా. నేనూ కోడలిగానే విన్నాను. ఆ పూట ఆవుకి డాక్టరు లేకుండా పోయింది."

అమ్మ మెట్టు మీద కూలబడింది. నాకు ఇద్దరినీ చెరో చెంపా వాయించాలనిపించింది. ఇద్దరినీ పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఇంత మర్యాద ఎందుకు, తగలబెట్టడానికా అనిపించింది. ఏమీ చేయకుండా లోపలికి వెళ్లి ముగ్గురికీ టీ పెట్టాను. పాలు లేవు గనక అది నల్లటి టీ.

సాయంత్రం గొంతు మామయ్య వచ్చాడు. గేటు బయటే నిలబడి, చెప్పులు అటూ ఇటూ కదుపుతూ, "డాక్టరమ్మా, కొమ్ము సంగతి నువ్వే చూడాలమ్మా" అన్నాడు. వదిన గేటు దాకా వచ్చింది. తర్వాత ఆవుకి చూడి ఉందా, ఎన్నో నెల, ఎప్పుడైనా మత్తు ఇచ్చారా, ఇస్తే ఎలా ఉంది అని ఒక్కొక్కటే అడిగింది. మేత ఎప్పటి నుంచి ఆపాలో, నీళ్లు ఎప్పటి నుంచి ఆపాలో చెప్పింది. పాలు కొన్నాళ్లు అమ్మకూడదని కూడా చెప్పింది. ఆయన అన్నిటికీ తల ఊపాడు.

అనుకున్న రోజు పొద్దున వదిన కాంపౌండరుతో కలిసి ఎదురింటికి వెళ్లింది. అమ్మ వెళ్లలేదు. కిటికీ దగ్గర నిలబడితే వాళ్ల పెరడు కనబడుతుంది, అక్కడా నిలబడలేదు. గదిలో నేల మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను కుట్టాల్సిన బట్టలు తెచ్చుకుని పక్కన కూర్చున్నాను గానీ సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయాను. కాసేపటికి గొంతు మామయ్య కేకలు వినబడ్డాయి. అమ్మ ముఖం పాలిపోయింది. అంతలో నీలం గేటు చప్పుడైంది.

వదిన లోపలికి వచ్చింది. కోటు మీద రక్తం లేదు.

"అప్పుడే అయిపోయిందా?" అంది అమ్మ.

"చేయలేదత్తయ్యా. తిన్నది."

"వాళ్లు చెప్పారా?"

"లేదు. గడ్డిపోచ కూడా వేయలేదని ఆయన భార్య ఒట్టేసింది. డొక్క నిండుగా ఉంది. ఎల్లుండి వస్తానని చెప్పి వచ్చేశా."

"మరి ఆ కేకలేంటి?"

"పనులు మానుకుని పదిమంది వచ్చారు కదా. నా పెళ్లాం అబద్ధం చెప్తోందంటావా అని మామయ్య గొడవ."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

అమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కళ్ల నిండా నీళ్లు.

"ఆ మాట ఆ రోజు నన్ను అనాల్సింది," అంది.

వదిన పెట్టె కింద పెట్టి అత్తగారి పక్కన నేల మీద కూర్చుంది.